గడ్డి రన్‌వే చిన్నదైతే ఏది మేలు: ఎలాగోలా దిగడమా, మళ్లీ పైకి లేవడమా?

బ్రిటన్ పల్లెల్లో చిన్న విమానాలు దిగే గడ్డి రన్‌వేలు చాలా ఉన్నాయి. అక్కడ విమానం రన్‌వే దాటిపోయే ప్రమాదాల తీరు దాదాపు ఒక్కటే. విమానం కాస్త ఎక్కువ వేగంతో వస్తుంది, సగం రన్‌వే దాటాక చక్రాలు నేలను తాకుతాయి, తడి గడ్డి మీద బ్రేకు పట్టదు, చివర్లో కంచె. అందులో చాలావాటిని గో-అరౌండ్ ఆపగలిగేదని నా గట్టి నమ్మకం. అంటే దిగడం మానుకుని, ఫుల్ పవర్ ఇచ్చి, మరో చుట్టు తిరిగి రావడం.

మన దగ్గర కూడా పైలట్ శిక్షణలో వాడే చిన్న విమానం సెస్నా 172నే తీసుకుందాం. అందులో 172ఎస్ అనే మోడల్ మాన్యువల్ ప్రకారం గాలి లేనప్పుడు, సముద్రమట్టంలో, పొడి గట్టి రన్‌వే మీద 50 అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేదాకా సుమారు 407 మీటర్లు కావాలి. తడి గడ్డి అయితే దీనికి 35 శాతం కలపమంటుంది బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ. అంటే 550 మీటర్లు. భద్రత కోసం దాన్ని మళ్లీ 1.43తో గుణించమంటుంది, అప్పుడు సుమారు 786. బాగా పొట్టిగా కోసిన తడి గడ్డి ఇంకా ప్రమాదం, దూరం 60 శాతం దాకా పెరగొచ్చు. చూడ్డానికి నున్నగా, చక్కగా ఉంటుంది కాబట్టి ఆ సంగతి తట్టదు.

ఇక వేగం. 61 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వేగంతో రావాల్సిన విమానం 67తో వస్తే పది శాతమే తేడా అనిపిస్తుంది. కానీ ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. పైగా ఆ అదనపు వేగం తగ్గేదాకా విమానం నేలను తాకకుండా తేలుతూనే ఉంటుంది. అలా తేలే ఒక్కో సెకనుకు 30 మీటర్లకు పైగా రన్‌వే వెనక్కి పోతుంది. ముక్కును బలవంతంగా కిందికి నొక్కితే ముందు చక్రం ముందుగా తగిలి, విమానం ఎగిరెగిరి పడుతుంది.

అందుకే రన్‌వేలో మొదటి మూడో వంతు లోపల చక్రాలు తాకకపోతే పైకి లేవడమే మేలు. అయితే గో-అరౌండ్ కూడా ఊరికే రాదు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు కిందికి దించే రెక్కల వెనక అంచు పలకలు) పూర్తిగా దించి ఉంటే 172 చాలా మెల్లగా ఎక్కుతుంది. ఫుల్ త్రాటిల్ ఇచ్చి, ఫ్లాప్స్‌ను వెంటనే 20 డిగ్రీలకు తేవాలి. ఎదురుగా చెట్లుంటే ఒక్కో సెకనూ ముఖ్యమే.

చక్రాలు నేల మీద ఉండి, సగానికి పైగా రన్‌వే అయిపోయాక మాత్రం నా లెక్క తిరగబడుతుంది. అప్పుడు మళ్లీ లేవాలని చూడకూడదు. వేగం చాలక గాల్లో స్టాల్ అయి, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక, పడటం కన్నా, బ్రేకు వేస్తూ తగ్గిన వేగంతో కంచెను తాకడం నయం. విమానం పాడవుతుంది, మనిషి దిగి నడిచి వచ్చే అవకాశం ఎక్కువ.

పొద్దున్నే వాన పడి, ఉన్న రన్‌వే 600 మీటర్లే అయితే నేను ఈ రెండూ వద్దంటాను. దగ్గర్లో తారు రన్‌వే ఉన్నచోట దిగి, గడ్డి ఆరాక రావచ్చు.