నర్సింగ్ చదవకుండానే నర్స్ ప్రాక్టీషనర్: అమెరికా డైరెక్ట్ ఎంట్రీ ప్రోగ్రాములు ఎలా ఉన్నాయి?

ఇంజనీరింగో, మైక్రోబయాలజీయో, బీఫార్మసీయో, బీడీఎస్సో చదివి అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు నర్స్ ప్రాక్టీషనర్, అంటే రోగిని పరీక్షించి మందులు రాసే స్థాయి నర్సు, పొట్టిగా ఎన్‌పీ, కావాలంటే రెండు దారులున్నాయి. మొదటిది: ఏడాది, ఏడాదిన్నరలో రెండో బ్యాచిలర్స్‌గా బీఎస్‌ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ పూర్తి చేసి, కొన్నాళ్ళు ఆర్‌ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా ఉద్యోగం చేసి, ఆ తర్వాత ఎన్‌పీ కోర్సులో చేరడం. రెండోది: నర్సింగ్ డిగ్రీ లేకుండానే నేరుగా మాస్టర్స్‌లో చేరిపోవడం. ఇందులో మొదటి ఏడాది ఆర్‌ఎన్ చదువు, ఆర్‌ఎన్ లైసెన్సుకి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష; తర్వాత రెండేళ్ళు స్పెషాలిటీ. ఈ సమీక్ష రెండోదాని గురించి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మంచి స్కూలు దొరికితే సమయం బాగా కలిసొస్తుంది. కానీ బ్రోషర్లలో రాసేదానికీ, డబ్బు కట్టాక అందేదానికీ మధ్య దూరం ఈ కోర్సుల్లో ఎక్కువ. ఆ దూరమంతా క్లినికల్ పోస్టింగుల దగ్గరే, అంటే ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో రోగుల మధ్య నేర్చుకునే శిక్షణ దగ్గరే ఉంటుంది.

ముందు పేర్ల గందరగోళం. డైరెక్ట్ ఎంట్రీ, గ్రాడ్యుయేట్ ఎంట్రీ, మాస్టర్స్ ఎంట్రీ, యాక్సిలరేటెడ్ ఎమ్మెస్సెన్ (నర్సింగ్ మాస్టర్స్) అని ఒక్కో స్కూలు ఒక్కో పేరు పెట్టుకుంటుంది. ఆ పేరును బట్టి టికెట్ ఎక్కడిదాకానో తెలియదు. యేల్ యూనివర్సిటీలో 1974 నుంచి నడుస్తున్న గ్రాడ్యుయేట్ ఎంట్రీ కోర్సు మూడేళ్ళది, ఎన్‌పీ దాకా తీసుకెళ్తుంది. కొలంబియా మాస్టర్స్ డైరెక్ట్ ఎంట్రీ పదిహేను నెలల్లో అయిపోతుంది, కానీ చేతికొచ్చేది ఆర్‌ఎన్ అర్హత. ఎన్‌పీ కావాలంటే ఆ పైన డాక్టరేట్ చదవాలి. జాన్స్ హాప్కిన్స్ ఎంట్రీ ఎమ్మెస్సెన్ కూడా ఆర్‌ఎన్ దగ్గరే ఆగుతుంది. ఈ రెండూ నాసిరకం కోర్సులు కావు, వాటి పని అంతవరకే. అయినా మాస్టర్స్ అన్న మాట చూసి ఎన్‌పీ అనుకుని చేరేవాళ్ళున్నారు. అడ్మిషన్ ఆఫీసుకి ఒక్క ప్రశ్న రాస్తే చాలు: కోర్సు ముగిశాక ఏ సర్టిఫికేషన్ పరీక్ష రాయడానికి అర్హత వస్తుంది? ఏఎన్‌సీసీ, ఏఏఎన్‌పీసీబీ లాంటి బోర్డుల ఫ్యామిలీ, అడల్ట్, సైకియాట్రిక్ ఎన్‌పీ పరీక్ష అని జవాబొస్తే సరే. క్లినికల్ నర్స్ లీడర్ అని వస్తే అది మాస్టర్స్ ఉన్న ఆర్‌ఎన్ అన్నమాట.

గుర్తింపు సంగతికి ఎక్కువ సమయం అక్కర్లేదు. సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్ లాంటి, నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ అక్రెడిటేషన్ ఉండాలి, ఆర్‌ఎన్ భాగానికి రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం వేరుగా ఉండాలి. ఆ సంస్థల సైట్లలో పేరు వెతికి చూసుకోవాలి, స్కూలు సైటు మాట నమ్మి ఊరుకోకూడదు.

దరఖాస్తులో ఎక్కువ మందికి ఆలస్యమయ్యేది ప్రీరిక్విజిట్ల దగ్గర, అంటే చేరకముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టుల దగ్గర. మామూలుగా అడిగేవి అనాటమీ అండ్ ఫిజియాలజీ ఒకటి, రెండు ల్యాబ్‌తో, మైక్రోబయాలజీ ల్యాబ్‌తో, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టుక నుంచి వృద్ధాప్యం దాకా మానవ వికాసం చెప్పే సైకాలజీ. కొన్నిచోట్ల కెమిస్ట్రీ కూడా. మన దగ్గర బీఫార్మసీ, బీడీఎస్ చదివినవాళ్ళు అనాటమీ, ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌తో సహా చేసే ఉంటారు. అయినా రెండు చోట్ల బెడిసికొడుతుంది. చాలా స్కూళ్ళు సైన్సు కోర్సులు ఐదేళ్ళు, ఏడేళ్ళకంటే పాతవైతే ఒప్పుకోవు. రెండోది, క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్, అంటే మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో ఒక సంస్థ ఇచ్చే రిపోర్టు. డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ రిపోర్టు తెప్పించుకుంటే డిగ్రీ బ్యాచిలర్స్‌తో సమానమని మాత్రమే వస్తుంది. సబ్జెక్టుల వారీ క్రెడిట్లు, గ్రేడ్లు, జీపీఏ ఉండవు. కోర్స్ బై కోర్స్ రిపోర్టే కావాలి. ఏ సంస్థ రిపోర్టు తీసుకుంటారో డబ్బు కట్టకముందే అడగాలి. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు రావడమే అన్నిటికంటే నెమ్మది, కాబట్టి ఆ పని ముందు మొదలుపెట్టాలి.

మళ్ళీ చదవాల్సిన సబ్జెక్టులకి కమ్యూనిటీ కాలేజీ సరిపోతుంది, ఖర్చూ తక్కువ. ఆన్‌లైన్ ల్యాబును కొన్ని స్కూళ్ళు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు, ఈమెయిల్‌లో రాయించుకోవాలి. సీ గ్రేడు పాసే అయినా చాలాచోట్ల బీ కంటే తక్కువైతే పనికిరాదు. నర్సింగ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సైటు ద్వారా దరఖాస్తులు తీసుకునే స్కూళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫారం పంపడం వేరు, అది వెరిఫై కావడం వేరు. ట్రాన్‌స్క్రిప్టులన్నీ చేరాక వెరిఫికేషన్‌కి వారాలు పడుతుంది. స్కూలు చెప్పిన తేదీ ఈ రెంటిలో దేనికో చూసుకోకపోతే చివరి రోజున పంపిన ఫారం వృథా.

వ్యాసం సంగతి. ‘సేవ చేయాలని ఉంది’ అని అందరూ రాస్తారు, అది చదివి కమిటీకి తెలిసేదేమీ లేదు. డాక్టరో, ఫిజీషియన్ అసిస్టెంటో కాకుండా ఎన్‌పీయే ఎందుకు, ఏ వయసు రోగులతో, ఎలాంటి చోట పని చేయాలని ఉంది అన్నది అడుగుతారు. రోగుల దగ్గర గడిపిన గంటలు లేకుండా ఆ జవాబు పండదు. నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణకి ఫెడరల్ కనీసం 75 గంటలు, రాష్ట్రాన్ని బట్టి ఇంకా ఎక్కువ. పని అనుమతి ఉన్నవాళ్ళకి ఇదే అన్నిటికంటే మంచి పరీక్ష. మంచం మీద మనిషిని తిప్పి పక్క మార్చడం తన వల్ల కాదని తేలితే లక్ష డాలర్లు మిగిలినట్టే. అనుమతి లేనివాళ్ళకి ఆసుపత్రి వాలంటీర్ పని, చివరి దశ రోగుల్ని చూసే హాస్పీస్‌లో వాలంటీర్ పని ఉన్నాయి.

చాలా స్కూళ్ళు స్పెషాలిటీని దరఖాస్తులోనే ఎంచుకోమంటాయి, చేరాక మారడం కష్టం. ఫ్యామిలీ ఎన్‌పీ అన్ని వయసుల ప్రైమరీ కేర్‌కి. ఐసీయూలో పని చేయాలనుకునేవాళ్ళకి అది సరైన సర్టిఫికేషన్ కాదు, వాళ్ళకి అక్యూట్ కేర్, అంటే ఆసుపత్రిలోని తీవ్ర రోగుల వైద్యం, ఉంది. నియోనేటల్‌కి ముందుగా నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఆర్‌ఎన్ అనుభవం అడుగుతారు గనక డైరెక్ట్ ఎంట్రీవాళ్ళకి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. నర్సుగా ఒక్క రోజూ పని చేయనివాళ్ళు అక్యూట్ కేర్ తీసుకోవడం మా దృష్టిలో తెలివైన ఎంపిక కాదు. ప్రైమరీ కేర్ అయితే నెట్టుకురావచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ కోర్సులో మీరు నిజంగా కొనేది క్లినికల్ గంటలు. అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్, అంటే అందరూ ‘త్రీ పీస్’ (మూడు ‘పీ’లు) అని పిలిచే మూడు సబ్జెక్టులూ ఎక్కడైనా దాదాపు ఒకటే. తేడా ఎవరి దగ్గర, ఎలాంటి క్లినిక్‌లో నేర్చుకుంటారన్నదాంట్లో ఉంటుంది. 2022లో సవరించిన జాతీయ ఎన్‌పీ విద్యా ప్రమాణాలు రోగులతో నేరుగా గడిపే గంటల కనీసాన్ని 500 నుంచి 750కి పెంచాయి. సిమ్యులేషన్ ఈ లెక్కలోకి రాదు, మొదటి ఏడాది ఆర్‌ఎన్ పోస్టింగులూ రావు. ఇంకా ఐదారు వందల గంటల దగ్గరే ఉన్న స్కూలైతే, ఎప్పుడు పెంచుతున్నారని అడగాలి.

గంటల సంఖ్య కంటే ముఖ్యం, ప్రిసెప్టర్‌ని, అంటే క్లినిక్‌లో పక్కనుండి నేర్పే మనిషిని ఎవరు వెతుకుతారన్నది. నేర్పే డాక్టరునో, ఎన్‌పీనో స్కూలే కుదిర్చిపెడితే చదువు మీద ధ్యాస పెట్టొచ్చు. కొన్ని ప్రోగ్రాములు, ముఖ్యంగా ఆన్‌లైన్‌వి, ఆ భారం విద్యార్థి మీద వేస్తాయి. ‘మేం సాయం చేస్తాం’ అంటారు. ఆ సాయం చాలాసార్లు పాత క్లినిక్‌ల జాబితా ఒకటి చేతిలో పెట్టడంతో సరి. పిల్లల డాక్టర్ల దగ్గర, ప్రసూతి క్లినిక్‌లలో చోటు దొరకడం మరీ కష్టం. ప్రిసెప్టర్ దొరకకపోతే ఆ సెమిస్టరు వాయిదా, ఆ కోర్సు ఏడాదికోసారే ఉంటే ఏడాది వాయిదా. డబ్బు తీసుకుని ప్రిసెప్టర్లని కుదిర్చే కంపెనీలు ఉన్నాయంటేనే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇన్ఫర్మేషన్ సెషన్‌లో ఈ మూడూ అడగండి: పోయిన బ్యాచిలో ఎంతమంది పోస్టింగ్ దొరక్క ఆగారు? నా ఇంటి నుంచి ఎంత దూరం పంపుతారు? కుదిర్చే బాధ్యత స్కూలుదని స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో రాసి ఉందా? మూడోదానికి పేజీ నంబరు చెప్పలేని స్కూలుని మేమైతే జాబితాలోంచి తీసేస్తాం.

ఎన్‌క్లెక్స్ ఈ మూడేళ్ళకి మధ్యలో ఉన్న గేటు. పరీక్ష ఫీజు 200 డాలర్లు, 85 నుంచి 150 ప్రశ్నలు, గరిష్ఠంగా ఐదు గంటలు. తప్పితే మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. లైసెన్సు వచ్చేదాకా స్పెషాలిటీ క్లినికల్స్‌కి పంపరు, అంటే ఒక్క ఫెయిల్ బ్యాచి నుంచి వెనక్కి లాగేస్తుంది. స్కూలు పాస్ శాతాన్ని రాష్ట్ర బోర్డు సైటులో, మొదటిసారి రాసినవాళ్ళ లెక్కలో చూడాలి. బ్రోషర్‌లో ఉండేది ఎన్నోసారికో పాసైనవాళ్ళని కూడా కలిపిన శాతం కావచ్చు.

మొదటి ఏడాది తర్వాత ఆగిపోవాల్సి వస్తే చేతిలో ఏముంటుందన్నది దాదాపు ఎవరూ అడగరు. చాలా డైరెక్ట్ ఎంట్రీ కోర్సులు మధ్యలో బీఎస్‌ఎన్ ఇవ్వవు. ఆర్‌ఎన్ లైసెన్సు ఉంటుంది, నర్సింగ్ డిగ్రీ ఉండదు. బీఎస్‌ఎన్ తప్పనిసరి అనే ఆసుపత్రుల్లో అది అడ్డం పడుతుంది. లైసెన్సు వచ్చాక ఏడాది, రెండేళ్ళు సెలవు పెట్టి నర్సుగా పని చేసి తిరిగి రావడానికి ఒప్పుకునే స్కూలుకి మేం ఎక్కువ మార్కులు వేస్తాం. అనుభవం లేని కొత్త ఎన్‌పీని తీసుకోవడానికి యజమానులు వెనకాడతారన్నది ఉత్త పుకారు కాదు.

వీసా విషయానికొస్తే, హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబ వీసా) మీద చదవడానికి స్టేటస్ మారనక్కర్లేదు. కానీ ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, లైసెన్సుకి ఆ నంబరు అడిగే రాష్ట్రాలున్నాయి. చేరకముందే మీ రాష్ట్ర బోర్డు నియమం చదవాలి, లేకపోతే ఎన్‌క్లెక్స్ పాసై కూడా క్లినికల్స్ ముందు ఆగిపోతారు. హెచ్1బీ ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవాళ్ళకి ఇది కుదరదు. మొదటి ఏడాది పోస్టింగులు పగటిపూట, వారంలో రెండు మూడు రోజులు. ఎఫ్1 వాళ్ళకి ఒక తేడా తెలిసి ఉండాలి: మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి హెచ్1బీ రావడం కష్టం, ఎన్‌పీ లాంటి అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ ఉద్యోగాలు సాధారణంగా అర్హమేనని 2015లో ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ మెమో ఇచ్చింది. గ్రీన్ కార్డు విషయంలో మాత్రం నర్సులు షెడ్యూల్ ఏ అనే కొరత ఉద్యోగాల జాబితా కింద వస్తారు, స్థానికులు దొరకలేదని చూపించే లేబర్ మార్కెట్ పరీక్ష ఉండదు.

ప్రైవేటు స్కూళ్ళలో మూడేళ్ళ ట్యూషను లక్ష డాలర్లు సులువుగా దాటుతుంది. ఫెడరల్ లోను ప్రధానంగా పౌరులకి, గ్రీన్ కార్డున్నవాళ్ళకే. వాళ్ళకి కూడా 2025 చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి, మిగతా ఖర్చంతటికీ దొరికే గ్రాడ్ ప్లస్ లోను లేదు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్లే పరిమితి. ఎక్కువ పరిమితి ఉన్న ప్రొఫెషనల్ డిగ్రీల జాబితాలో నర్సింగ్‌ని చేర్చకుండా విద్యాశాఖ ప్రతిపాదించడంతో పెద్ద గొడవే అయింది. పాత విద్యార్థులు చెప్పే లెక్కలు ఇప్పుడు పనికిరావు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు దగ్గర మీ సంవత్సరపు లెక్కే తీసుకోవాలి. కొరత ఉన్న చోట రెండేళ్ళు పని చేస్తే మిగిలిన నర్సింగ్ అప్పులో 60 శాతం తీర్చే నర్స్ కోర్ పథకానికి కూడా పౌరసత్వమో గ్రీన్ కార్డో కావాలి.

‘2025 నుంచి డాక్టరేట్ తప్పనిసరి’ అని డీఎన్‌పీ (నర్సింగ్ డాక్టరేట్) అంటగట్టేవాళ్ళ మాట పట్టించుకోకండి. అది 2018లో ఎన్‌పీ అధ్యాపకుల సంస్థ పెట్టుకున్న లక్ష్యం, లైసెన్సు చట్టం కాదు. ఎక్కడ పని చేస్తారన్నది దానికంటే ముఖ్యం. ఆరిజోనా, వాషింగ్టన్‌లలో ఎన్‌పీ స్వతంత్రంగా వైద్యం చేయొచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి.

సీటు వచ్చాక ఎక్కువ మందిని చివరి నిమిషంలో పరుగులు పెట్టించేవి ఆరోగ్య పత్రాలు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్ళకి చర్మం మీద చేసే టీబీ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి. హెపటైటిస్ బీ టీకా కార్డు ఉంటే చాలదు, రక్తంలో రక్షణ ఎంతుందో చెప్పే యాంటీబాడీ టైటర్ పరీక్ష అడుగుతారు. అది తక్కువగా వస్తే టీకాలు మళ్ళీ వేయించుకోవాల్సి రావచ్చు, మూడు డోసుల పాత పద్ధతికి ఆరు నెలలు పడుతుంది. హెప్లిసావ్-బీ అయితే నెల తేడాతో రెండు డోసులే. దరఖాస్తు పెట్టిన వారమే టైటర్ చేయించుకుంటే ఈ గొడవ ఉండదు.