కీమో అయ్యాక "క్యాన్సర్ తిరగబెట్టకుండా" అంటూ అమ్మే ప్యాకేజీలు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

కీమో పూర్తయినవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఇది రాస్తున్నాను. డైట్ చార్టు, సప్లిమెంట్లు, వ్యాయామం మూడూ కలిపి "జబ్బు మళ్లీ రాకుండా మేం చూసుకుంటాం" అని ఎవరైనా ఒక ప్యాకేజీ అంటగట్టబోతే డబ్బు కట్టకముందే ఆగండి. మా అక్కకి పెద్దపేగు క్యాన్సర్. మూడో స్టేజి. ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఆ తర్వాత ఇలాంటి ప్యాకేజీ ఒకటి మా ఇంటికి వచ్చింది. డబ్బు పోవడం ఒక ఎత్తు, అది అక్క లివర్ మీదికి తెచ్చిన ముప్పు ఇంకో ఎత్తు.

వీళ్లు ఎప్పుడు దిగుతారో గమనించండి. కీమో నడుస్తున్నంత కాలం ఏదో ఒక పని ఉంటుంది, రక్తపరీక్షలు, డ్రిప్పులు, వాంతుల మందులు, తర్వాతి సైకిల్ ఎప్పుడో అన్న లెక్క. చివరి సైకిల్ అయిపోయి "ఇక చెకప్‌కి వస్తూ ఉండండి" అని పంపించేశాక మాత్రం ఒక్కసారిగా చేతిలో ఏమీ ఉండదు, భయం తప్ప. "మళ్లీ రాకుండా మేం ఏం చేయాలి?" అని అడిగితే ఆసుపత్రిలో రెండు ముక్కల్లో తేల్చేస్తారు: బాగా తినండి, నడవండి. అదే ప్రశ్న ఫోన్లో అడిగితే ఈ అమ్మేవాళ్లు గంటసేపు ఓపిగ్గా వింటారు, అక్క ఏడిస్తే ఓదారుస్తారు, పేరు గుర్తుపెట్టుకుని పలకరిస్తారు. ఆ ఓదార్పు కోసమే సగంమంది డబ్బు కడతారని నా నమ్మకం, అందులో వాళ్ల తప్పేమీ లేదు. భయాన్ని సరుకుగా మార్చుకున్నవాళ్లదే తప్పు.

ప్యాకేజీలో వచ్చినవి ఇవీ. రోగనిరోధక శక్తి పెంచడానికి ఒక పొడి, "లివర్ క్లీన్స్" పేరుతో క్యాప్సూల్స్, కాళ్ల తిమ్మిర్లకి నరాల బిళ్లలు, రాలిన జుట్టు కోసం ఇంకో సీసా, వీటితో పాటు యాంటీ ఆక్సిడెంట్లని చెప్పి మరో డబ్బా. డబ్బా ముందువైపు ఆకులూ పూలూ, "నూరు శాతం సహజం". వెనక్కి తిప్పి ఫోన్లో పెద్దది చేసుకుని చూస్తేగానీ కనబడనంత చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: ఈ ఉత్పత్తి ఏ వ్యాధినీ నయం చేయడానికి గానీ నివారించడానికి గానీ ఉద్దేశించినది కాదు. ఫోన్లో చెప్పింది ఒకటి, డబ్బా మీద రాసుకున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. తర్వాత మేం గొడవ పడినప్పుడు వాళ్లు చూపించింది ఆ చిన్న అక్షరాల వాక్యాన్నే. లివర్ క్యాప్సూల్స్ మీదైతే పసుపు సారం, గ్రీన్ టీ సారం, మిరియాల సారం, ఇంకా కొన్ని పేర్లు వరసగా రాసి అన్నిటికీ కలిపి ఒకే బరువు వేశారు. ఏది ఎంత ఉందో చెప్పలేదు. అలాంటి లేబుల్ కనబడితే ఆ సీసా మూత కూడా తీయకండి.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వేరే. అక్క అప్పటికే పొద్దునా సాయంత్రం కాస్త కాస్త నడుస్తోంది. ప్యాకేజీ వాళ్లు ఫోన్లో సలహాలకి పెట్టిన "కోచ్" అన్నావిడ "మొదటి దశలో శరీరం విషాలని బయటికి తోస్తుంది మేడమ్, ఒళ్లు అలవకూడదు" అని ఆ నడక మాన్పించింది. వ్యాయామం వీడియోలు రెండో దశలో ఇస్తారట, దానికి మళ్లీ వేరే డబ్బు. పైగా "మీ డాక్టరుకి ఇవన్నీ చెప్పకండి, వాళ్లకి న్యూట్రిషన్ గురించి తెలీదు, ఆపేయమంటారు" అని మరీ మరీ చెప్పింది. ఈ మాట ఎవరి నోట విన్నా సరే, అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఆ తర్వాతి చెకప్‌లో అక్క లివర్ ఎంజైములు, అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి, బాగా పెరిగి వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా పాకేది లివర్‌కే, పేగుల నుంచి రక్తం నేరుగా అక్కడికే వెళ్తుంది గనక. కాబట్టి ఆ రిపోర్టు చూడగానే డాక్టరుగారి మొహం మారిపోయింది, వెంటనే స్కాన్ రాశారు. స్కాన్ రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అక్క అయితే పిల్లల గురించి అప్పగింతలు మొదలుపెట్టేసింది. స్కాన్ శుభ్రంగా వచ్చింది. అప్పుడాయన "ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా, ఆకు మందులు, పొడులు, ఏవైనా?" అని అడిగితే సీసాలన్నీ సంచీలో వేసి పట్టుకెళ్లాం. ఒక్కొక్కటీ తిప్పి చదివి అన్నీ ఆపేయమన్నారు. ఆపిన కొన్ని వారాలకి ఎంజైములు మెల్లగా మామూలుకి వచ్చాయి. జబ్బు తిరగబెడుతుందన్న భయం పోగొడతామని అమ్మిన సరుకే జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయాన్ని ఇంట్లోకి తెచ్చిపెట్టింది.

ఇదేదో అక్క ఒక్కదానికే జరిగిన వింత కాదు. కూరలో వేసుకునే పసుపుకీ, గాఢమైన సారానికి మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువగా పట్టేలా చేసిన క్యాప్సూల్‌కీ చాలా తేడా ఉంది. ఇలాంటి పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం సంగతీ అంతే. అందులో ఉండే ఈజీసీజీ అనే పదార్థం సప్లిమెంట్ రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. టీ తాగడం గురించి కాదు నేను చెప్పేది, క్యాప్సూల్స్ గురించి.

నరాల బిళ్లల సంగతి ఇంకా దారుణం. అక్కకి కీమోలో ఇచ్చిన ఆక్సాలిప్లాటిన్ వల్ల అరికాళ్లు మొద్దుబారాయి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఆ బిళ్లల్లో ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంది, బీ6 విటమిన్ మోతాదు మించి ఉంది. కీమో వల్ల వచ్చే నరాల దెబ్బని ఈ కార్నిటిన్ ఆపుతుందేమో చూద్దామని అమెరికాలో 409 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. ఫలితం 2013లో వచ్చింది: ఆపకపోగా తిమ్మిర్లు ఇంకా ఎక్కువయ్యాయి. వాళ్లకిచ్చిన కీమో మందు వేరే రకమే, అయినా క్యాన్సర్ డాక్టర్ల సంఘాలు దీన్ని వాడొద్దనే చెబుతున్నాయి. బీ6 కూడా ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వేసుకుంటే దానంతట అదే నరాలని పాడుచేస్తుంది. తిమ్మిర్లు తగ్గుతాయని తిమ్మిర్లు పెంచేవి అమ్ముతున్నారు, అదీ క్యాన్సర్ పేషెంట్లకి.

జుట్టు సీసాలో ఉన్నది బయోటిన్. మనిషికి రోజుకి కావలసింది 30 మైక్రోగ్రాముల దరిదాపు, జుట్టు కోసం అమ్మేవాటిలో వేలల్లో ఉంటుంది. అంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని రకాల ల్యాబ్ పరీక్షలు తప్పు చూపిస్తాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. ల్యాబ్ వాడే పద్ధతిని బట్టి సీఈఏ లాంటి ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ కోసం రక్తంలో కొలిచే పదార్థాలు కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది. మేం చెకప్‌లో కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూసేది ఆ సీఈఏ అంకె కోసమే కదా! రక్తపరీక్షకి వెళ్లేముందు జుట్టు బిళ్లలు వాడుతున్నామని ల్యాబ్‌లోనూ, డాక్టరుకీ తప్పకుండా చెప్పండి.

ఇవన్నీ ఆ కంపెనీ వాళ్లకి చెబితే వాళ్లిచ్చిన జవాబు: "అది హీలింగ్ క్రైసిస్ మేడమ్, మంచి లక్షణమే, మధ్యలో ఆపితేనే ప్రమాదం." ఎంజైములు పెరగడం మంచి లక్షణమట. డబ్బు వెనక్కి ఇవ్వమంటే సీల్ తీసినవి తీసుకోం అన్నారు, చివరికి తర్వాతి ప్యాకేజీ మీద డిస్కౌంట్ ఇస్తామన్నారు.

వీళ్లు వీడియోలు చూపిస్తారు. "నాకు అయిదేళ్లయింది, మళ్లీ రాలేదు, అంతా ఈ పొడి చలవే" అని నవ్వుతూ చెప్పే మనుషులు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. కానీ ఒక లెక్క చూడండి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయినవాళ్ల మీద ఛాలెంజ్ అనే పెద్ద పరీక్ష జరిగింది, దాని గురించి కిందే చెబుతాను. అందులో ప్రత్యేకమైన వ్యాయామం ఏదీ చేయించకుండా ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చిన గుంపులో కూడా అయిదేళ్ల తర్వాత 73.9 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా బతికే ఉన్నారు. అంటే ఆ ఫలితం ఆపరేషన్‌దీ, కీమోదీ. అలాంటి నూరుమందికి ఉత్త పిండి అమ్మినా డెబ్భై మందికి పైగా వీడియో చేసి పెట్టగలరు. మిగతావాళ్లు వీడియోలో ఉండరు.

యాంటీ ఆక్సిడెంట్ల గురించి కూడా చెప్పాలి, "మంచిదే కదా, చెడు ఏముంది" అనుకునేవాళ్లే ఎక్కువ గనక. ఫిన్లాండులో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ బిళ్లల్ని పరీక్షిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాల్సింది పోయి 18 శాతం పెరిగింది, అది 1994 నాటి మాట. అమెరికాలో అలాంటిదే ఇంకో పరీక్షని 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. విటమిన్ ఈ బిళ్లలు వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011లో తేలింది. ఇవి క్యాన్సర్ రానివాళ్ల మీద చేసినవి, నిజమే. మరి క్యాన్సర్ వచ్చినవాళ్ల సంగతి? రొమ్ము క్యాన్సర్ కీమో సమయంలో సప్లిమెంట్లు వాడినవాళ్లని గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో కూడా వాటివల్ల మేలు కనబడలేదు, బీ12, ఐరన్ వాడినవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది. అది గమనించి చెప్పినదే గనక అవే కారణమని తేల్చలేం. కానీ "నష్టమేమీ లేదు" అని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. రక్తపరీక్షలో బీ12 గానీ, విటమిన్ డీ గానీ, ఐరన్ గానీ తక్కువ ఉందని తేలి డాక్టరు రాసిస్తే అది వేరే విషయం, మానకండి.

ఇక ఛాలెంజ్ పరీక్ష. మూడో స్టేజి, లేదా రిస్క్ ఎక్కువున్న రెండో స్టేజి పెద్దపేగు క్యాన్సర్ వాళ్లు 889 మంది, ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియాల్లో. కీమో అయ్యాక సగంమందికి మూడేళ్లపాటు ఒక ట్రైనర్ని పెట్టి వ్యాయామం చేయించారు. ఫలితాలు 2025లో వచ్చాయి. అయిదేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు వ్యాయామం గుంపులో 80.3 శాతం, రెండో గుంపులో నేను పైన చెప్పిన 73.9. ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు వ్యాయామం గుంపులో 90.3 శాతం, రెండో గుంపులో 83.2. వాళ్లు చేసిందేమీ కసరత్తుల పోటీ కాదు, అంతకుముందు చేస్తున్నదానికి అదనంగా, ముప్పావుగంట నుంచి గంట చొప్పున వారానికి మూడు నాలుగుసార్లు చురుగ్గా నడిచినంత శ్రమ. కండరాల నొప్పులు, బెణుకులు ఈ గుంపులో కాస్త ఎక్కువే వచ్చాయి, అదీ తెలిసుండాలి. అన్ని క్యాన్సర్లకీ ఇదే లెక్క వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు. కానీ ఆ ప్యాకేజీ మొత్తంలో ఇంత గట్టి రుజువున్నది ఒక్క వ్యాయామానికే, దాన్నే వాళ్లు మాన్పించారు.

అలాగని రేపు పొద్దున్నే పరుగు మొదలుపెట్టకండి. కాళ్లు మొద్దుబారినవాళ్లు తూలి పడతారు, రక్తం తక్కువున్నవాళ్లకి ఆయాసం వస్తుంది, డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందులు గుండెని బలహీనపరచి ఉండొచ్చు, ఎముకల్లో జబ్బుంటే బరువులెత్తితే విరిగే ప్రమాదం ఉంది. డాక్టర్ని అడిగి, వీలైతే ఫిజియోథెరపిస్టుకి చూపించుకుని కొద్దికొద్దిగా పెంచుకోండి. అక్క ఇప్పుడు అలాగే చేస్తోంది.

తిండి విషయంలో పెద్దగా చెప్పడానికేం లేదు, నిజంగానే. కూరగాయలు, పళ్లు, పప్పులు, ముడి ధాన్యాలు తినడం, మద్యం మానడం, బరువు అదుపులో పెట్టుకోవడం, ప్రాసెస్ చేసిన మాంసం తగ్గించడం. ఇంతకి మించి "ఈ జ్యూస్ తాగితే తిరగబెట్టదు" అనే మాటకి ఆధారం లేదు. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 3,088 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక గుంపు చేత బోలెడన్ని కూరగాయలు, కూరగాయల రసం, పళ్లు, పీచు తినిపించి, కొవ్వు తగ్గించి ఏడేళ్లకి పైగా చూశారు, తిరగబెట్టడంలో తేడా రాలేదని 2007లో తేలింది. కీమోతో చిక్కిపోయిన మనిషి చేత అన్నీ మాన్పించి రసాల మీద ఉంచితే పోయేది కండే.

ఇప్పటికే ఇలాంటి సీసాలు ఇంట్లో ఉన్నవాళ్లు లేబుళ్లు ఫొటోలు తీసుకోండి, బిల్లు, చాటింగ్, కాల్ వివరాలు తుడిచేయకండి, ఫిర్యాదుకి అవే పనికొస్తాయి. వాడుతున్న ప్రతిదీ, "మామూలు విటమినే కదా" అనిపించినా సరే, మీ డాక్టరు ముందు పెట్టండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా, ఆకలి చచ్చిపోయినా కోచ్‌కి ఫోన్ చేసి అడగొద్దు. ఆ సీసాలు ఆపేసి, వాటిని వెంటబెట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.