రగ్బీలో జీపీఎస్ యూనిట్లు: నాలుగు సీజన్లు వాడాక

ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెషనల్ రగ్బీ క్లబ్‌లో ఆటగాళ్ల పరుగు లెక్కలు చూడటం నా పని. నాలుగు సీజన్లుగా ఒకే కంపెనీ జీపీఎస్ యూనిట్లు వాడుతున్నాం. యూనిట్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. జెర్సీ వెనక, మెడకు కొంచెం కింద కుట్టిన జేబులో పెడతాం. ఆటగాడు ఎక్కడున్నాడో సెకనుకు 10 సార్లు, ఒంటికి తగిలే కుదుపుల్ని సెకనుకు 100 సార్లు నమోదు చేస్తుంది.

మొదటి సీజన్ అంతా నేను సగటునే నమ్మాను. 80 నిమిషాల మ్యాచ్‌లో మా వాళ్లు నిమిషానికి సుమారు 70 మీటర్లు కదులుతున్నారు. ప్రాక్టీసు కూడా ఆ లెక్కకే కట్టాం. కానీ బంతి నిజంగా ఆటలో ఉండేది అందులో సగం సేపు కూడా కాదు. పెనాల్టీ కిక్కులు, మళ్లీ మళ్లీ కట్టే స్క్రమ్‌లు (రెండు జట్లవాళ్లు గుంపుగా ఒకరినొకరు తోసుకోవడం), గాయాలు, వీడియో రిఫరీ కోసం ఎదురుచూపులు అన్నీ ఆ సగటులో కలిసిపోతాయి. గెలుపోటములు తేలే ఘట్టంలో బ్యాక్స్, అంటే స్క్రమ్‌లో తోయకుండా వెనక ఉండి పరుగెత్తే ఆటగాళ్లు, ఒక్క నిమిషంలో 160, 170 మీటర్లు పరుగెత్తుతున్నారు. దానికి మేం వాళ్లను సిద్ధం చేయలేదు.

ఆ సంఖ్య కూడా మొదట్లో కనపడలేదు. సాఫ్ట్‌వేర్ మ్యాచ్‌ను గడియారం నిమిషాల ప్రకారం ముక్కలు చేస్తుంది. 23 నిమిషాల 30 సెకన్ల దగ్గర మొదలైన ఎదురుదాడి 24 నిమిషాల 30 సెకన్లకు ఆగిందనుకోండి, అందులో సగం ఒక ముక్కలోకి, సగం ఇంకో ముక్కలోకి పోతుంది. రెండూ మామూలు నిమిషాల్లాగే కనిపిస్తాయి. నిమిషం ఏ సెకనులోనైనా మొదలయ్యేలా లెక్కించే సెట్టింగ్ మెనూలో లోపలెక్కడో ఉంది. కొన్న రోజే దాన్ని మార్చుకోండి. నా వరకు ఈ పరికరం విలువంతా ఆ ఒక్క మార్పులోనే ఉంది.

ఇక ఇది చూడలేనిది స్క్రమ్. బురదలో దిగబడిన బండిని తోసినప్పుడు బండి కదిలేది రెండు బారలే, కానీ తోసినవాడికి ఊపిరి ఆడదు. జీపీఎస్ ఆ రెండు బారలనే లెక్కేస్తుంది. మా ప్రాప్ (స్క్రమ్ ముందు వరసలో తోసే బరువైన ఆటగాడు) ఒకతను రిపోర్టులో ఎప్పుడూ కింద ఉండేవాడు. తక్కువ పరుగెత్తాడని మ్యాచ్ అయిన మర్నాడు అతనికి అదనపు పరుగు పెట్టారు. మూడు వారాలకు తొడ వెనక కండరం పట్టేసింది. ఆ రిపోర్టు పంపింది నేనే, అందుకే ఇప్పటికీ బాధగా ఉంది. అప్పటినుంచి స్క్రమ్‌లు, టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం), రక్‌లు (నేల మీది బంతి కోసం పెనుగులాట) వీడియో చూసి చేత్తో లెక్కపెట్టి పరుగు పక్కనే రాస్తున్నాను. ఎంత వేగం దాటితే గట్టి పరుగుగా లెక్కించాలనే హద్దు కూడా అందరికీ ఒకటే పెట్టడం మానేశాను. సెకనుకు 5 మీటర్లు మైదానం అంచున ఆడే వింగర్‌కు తేలిక పరుగు, 120 కిలోల ప్రాప్‌కు బాగా కష్టపడి తీసే పరుగు.

చిన్న ఇబ్బందులూ ఉన్నాయి. సబ్‌స్టిట్యూట్ బెంచీ మీద కూర్చున్న సమయాన్నీ, ఎల్లో కార్డుతో బయటున్న 10 నిమిషాలనూ చేత్తో తీసేయాలి, లేకపోతే సగటు పడిపోతుంది. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత యాక్సిలరేషన్ల (ఒక్కసారిగా వేగం పెంచడాల) సంఖ్య ఉన్నట్టుండి మారిపోయింది, పాత సీజన్‌తో పోల్చడానికి లేకుండా పోయింది. మూడో ఏడాదికి కొన్ని బ్యాటరీలు మ్యాచ్ చివరిదాకా నిలవలేదు. ఎవరి యూనిట్ వాళ్లకే ఇవ్వండి, ఎందుకంటే ఏ రెండూ సరిగ్గా ఒకేలా కొలవవు. ఆటకు పావుగంట ముందే ఆరుబయట ఆన్ చేసి పెట్టండి. కార్డిఫ్‌లోలా పైకప్పు మూసే స్టేడియంలో శాటిలైట్ లెక్కను నమ్మకండి, అక్కడ మైదానం చుట్టూ యాంటెనాలు పెట్టే పద్ధతే కావాలి.

మన దేశంలో 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు కూడా ఉండటంతో, ఇవి కొనొచ్చా అని మనవాళ్లు కొందరు అడుగుతున్నారు. ఆ లీగ్‌లో ఆడే సెవెన్స్‌కైతే, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీకైతే, కొనమనే చెప్తున్నాను. అక్కడ స్క్రమ్‌లో జట్టుకు ముగ్గురే, ఆటంతా పరుగే కాబట్టి ఈ యూనిట్ చూడలేనిది తక్కువ. పదిహేను మంది ఆటకైతే యూనిట్లతో పాటు వీడియో చూసి టాకిల్స్ లెక్కపెట్టే మనిషినీ పెట్టుకోండి. డబ్బు ఒకదానికే సరిపోతే ముందు ఆ మనిషిని తీసుకోండి.