నడక నేర్చిన పిల్లాడితో ఇండోర్ ప్లే ఏరియా: ఏడాది తర్వాత నా మాట

మే నెలలో హన్మకొండలో పిల్లల్ని బయట ఆడించడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిది దాటితే పార్కులో ఉయ్యాల గొలుసు ముట్టుకోలేం, జారుడుబల్ల కాలిపోతుంటుంది. ఇంట్లోనేమో గోడలు, ఫ్రిజ్, టీవీ రిమోట్ తప్ప వాడికి వేరే ఆట లేదు. అందుకే మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఏసీ ప్లే ఏరియాకు వెళ్లడం మొదలుపెట్టాం. అప్పుడు మా బాబు పడుతూ లేస్తూ నడిచేవాడు, ఇప్పుడు ఉరికితే పట్టుకోలేకపోతున్నాం. ఏడాదికి పైగా వాడిన అనుభవంతో చెప్తున్నా: మామూలు రోజుల్లో తలుపులు తెరిచేసరికి వెళ్తే పెట్టిన పైసలకు ఫలితం ఉంటుంది. ఆదివారం సాయంత్రమైతే ఇంట్లో బకెట్లో నీళ్లు పోసి కూర్చోబెట్టడమే నయం.

ఆదివారం పుట్టినరోజు పార్టీలుంటాయి. ఎనిమిదేళ్లు, పదేళ్ల పిల్లలు గుంపుగా వస్తారు. చిన్నపిల్లల కోసం విడిగా ఒక మూల ఉంది గానీ, దాని చుట్టూ ఉన్నది మోకాలెత్తు స్పాంజి గోడ. పెద్ద పిల్లలకు అది దూకడానికే పెట్టినట్టుంటుంది. చూసుకునే అమ్మాయి ఒక్కతే, ఆమె మాత్రం ఎంతమందిని ఆపుతుంది? కొత్తచోటికి వెళ్లేవాళ్లు హాలు ఎంత పెద్దదో కాదు, ఈ మూల ఎలా ఉందో ముందు చూడండి.

నిజానికి ఈ వయసు పిల్లలకు రంగు లైట్లు, బ్యాటరీ కార్లు ఏవీ పట్టవు. మావాడి ఆట ఏంటంటే, బాల్ పూల్‌లోంచి ఒక్క బంతి తీసుకుని, రెండు మెట్లు వెనక్కి తిరిగి పాకుతూ దిగి, నా చేతిలో పెట్టి మళ్లీ ఎక్కడం. ఎర్ర బంతి ఇస్తే తీసుకోవాలి, తిరిగి ఇవ్వబోతే ఏడుపు. గంటంతా ఇదే. "గీ బంతి కోసం గన్ని పైసలా? అర్రల మెత్తలేస్తే ఆడుకోడా?" అని మా అత్తమ్మ అన్నది. సగం నిజమే. కాకపోతే ఆ మెట్లు దిగడం మాత్రం వాడు అక్కడే నేర్చుకున్నాడు.

శుభ్రత సంగతి. బంతులు ఎప్పుడు కడుగుతారని అడిగితే కౌంటర్‌లో ఒకరు వారానికోసారి అన్నారు, ఇంకొకరు రోజూ అన్నారు. అడుగున చెయ్యి పెడితే హెయిర్ క్లిప్పు, కుర్‌కురే ముక్క, ఎవరిదో ఒక సాక్సు దొరికాయి. వానాకాలంలో మావాడికి చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొచ్చాయి. హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరస్ జబ్బు అన్నారు డాక్టర్. అక్కడే అంటుకుందని చెప్పలేను, ఐదేళ్లలోపు పిల్లలకు ఎక్కడైనా వస్తుంది. కానీ ఆ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదట, సబ్బు, నీళ్లే గతి. అప్పటినుంచి వచ్చేముందు మోచేతుల దాకా కడిగిస్తున్నా. బంతి నోట్లో పెట్టుకునే వయసైతే బాల్ పూల్ జోలికే పోకండి.

జారుడుబల్ల మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని జారే పెద్దవాళ్లు అక్కడ ఎప్పుడూ ఒకరిద్దరు కనిపిస్తారు. భద్రం అనుకుంటారు, కానీ పిల్లాడి కాలు పక్కకు తగిలి ఆగితే మన బరువుకి మోకాలి కింది ఎముక విరగొచ్చు. వాణ్ని ఒక్కణ్నే కూర్చోబెట్టి కింద నిలబడండి. ఎగిరి దూకే స్ప్రింగు పరుపు, అదే ట్రాంపోలిన్ సంగతీ అంతే. ఆరేళ్లలోపు వద్దని అమెరికాలో ఎముకల డాక్టర్ల సంఘం చెప్తోంది. పక్కన పెద్ద పిల్లాడు దూకితే మన చిన్నోడు బంతిలా ఎగిరిపోతాడు. ఇక్కడ మాత్రం రెండేళ్ల వాళ్లనూ పంపిస్తారు.

టికెట్ గంట లెక్కన. చేతికి బ్యాండ్ కట్టగానే టైం మొదలవుతుంది, అందుకే చెప్పులు విప్పి, డైపర్ మార్చి, ఆ తర్వాతే బ్యాండ్ కట్టించుకోండి. అడుగున జారకుండా పట్టు ఉండే గ్రిప్ సాక్సులు లేకపోతే అక్కడ కొనాల్సిందే, ఒక జత బ్యాగులో పడేసుకోండి. పిల్లాడితో ఒకరికి ఉచితం, రెండోవారికి డబ్బులు. అదీ మంచిదే, ఒకరు ఆడిస్తుంటే ఇంకొకరు ఫోన్ చూస్తూ కూర్చోవడం ఎందుకు?

చలికాలంలో మేం అటు తొంగి కూడా చూడం. వడ్డేపల్లి చెరువు కట్ట మీద సాయంత్రం నడిపిస్తే మావాడికి కుక్కలు, కొంగలు, ఐస్‌క్రీం బండి, అన్నీ దొరుకుతాయి. అందుకే కౌంటర్‌లో గంటలన్నీ ముందే కొనే ప్యాకేజీ తీసుకోమని ఎంత బతిమాలినా తీసుకోవద్దనే నా సలహా. దానికి గడువు ఉంటుంది, పిల్లలకు జలుబు చేసిందంటే ఆ గడువులోపు వెళ్లడం మన చేతిలో ఉండదు. మా ప్యాకేజీలో మిగిలిన గంటలు అలాగే పోయాయి, అడిగితే రూల్ అన్నారు.