ఏనుగా, గుర్రమా? పాతకాలం సైన్యాల్లో ఏది మేలు?

చదరంగం ఆడేవాళ్ళం ఏనుగుకు 5, గుర్రానికి 3 అని లెక్కేసుకుంటాం. గుర్రాన్ని ఇచ్చి ఏనుగును కొట్టే అవకాశం వస్తే ఎవరూ వదులుకోరు. పాతకాలం రాజులు చాలామంది నిజం యుద్ధంలోనూ ఇదే లెక్క వేశారు. ఆ యుద్ధాల్ని ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తే నాకు మాత్రం లెక్క తిరగబడి కనిపిస్తుంది. రెండింట్లో ఒక్కదాన్నే పోషించగలిగిన రాజు నన్ను అడిగితే గుర్రాలే కొనమంటాను. అలాగని ఏనుగు దండగ అనను. దాని పని వేరు. ఆ పనేమిటో తెలియకుండా దాన్ని ముందుకు తోలినవాళ్ళే దెబ్బతిన్నారు.

క్రీ.పూ. 326లో జీలం నది దగ్గర ఈ రెండూ ఎదురెదురుగా నిలిచాయి. అవతలి గట్టున పోరస్, అంటే మనం పురుషోత్తముడని చదువుకున్న రాజు. ఇవతల అలెగ్జాండర్. అర్రియన్ అనే గ్రీకు చరిత్రకారుడి ప్రకారం పోరస్ దగ్గర 200 ఏనుగులు, 300 రథాలు, దాదాపు 4,000 గుర్రాలు, 30,000 కాల్బలం ఉన్నాయి. అలెగ్జాండర్ గెలుపులన్నిటికీ ఆయువుపట్టు అతని గుర్రపుదళం. అంతటివాడు కూడా ఎదురుగా నది దాటలేకపోయాడు. తెప్పలెక్కించిన గుర్రాలు గట్టు మీది ఏనుగుల్ని చూసి, ఘీంకారాలు విని బెదిరి నీళ్ళలోకి దూకేస్తాయని అతని భయం. అందుకే వాన కురిసే రాత్రి చూసుకుని, దాదాపు 27 కిలోమీటర్లు ఎగువకు వెళ్ళి దాటాడు. అప్పటికి ఆ ఏనుగులు ఎవర్నీ తొక్కలేదు, ఎవర్నీ పొడవలేదు. ఊరికే నిలబడి అంత సైన్యాన్ని ఆపాయి. ఏనుగు అసలు పని ఇదేనని నా నమ్మకం.

రథాల సంగతి ఆ పొద్దున్నే తేలిపోయింది. వానకు నేల బురదైంది, పోరస్ కొడుకు తెచ్చిన రథాలు అందులో కూరుకుపోయాయి, అతను అక్కడే చనిపోయాడు.

అసలు యుద్ధంలో పోరస్ ఏనుగుల్ని వంద అడుగులకొకటి చొప్పున వరసగా నిలిపి, వాటి వెనక కాల్బలాన్ని పెట్టాడు. ఆ వరస మీదికి అలెగ్జాండర్ ఒక్క గుర్రాన్ని కూడా పంపలేదు. ఏనుగులు లేని అంచుకు పోయి, పోరస్ గుర్రపుదళాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి ఏనుగుల మధ్యకే తోసేశాడు. ఏనుగులు గ్రీకు కాల్బలం మీద పడి కొంతసేపు చాలా నష్టం చేశాయి. ఆ తర్వాత చోటు ఇరుకైపోయింది. మావటివాళ్ళు బాణాలకు కూలిపోయారు. తోలేవాడు లేక, ఒంటినిండా గాయాలతో, ఏనుగులు తనవాళ్ళూ పరాయివాళ్ళూ అని చూడకుండా తొక్కాయి. గ్రీకులకు తప్పుకోవడానికి ఖాళీ జాగా ఉంది, పోరస్ సైనికులకు అదీ లేదు. చివరికి అలసిపోయిన ఏనుగులు ముఖం శత్రువు వైపే ఉంచి, పడవను వెనక్కి నడిపినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ, ఘీంకరిస్తూ వెనక్కి జరిగాయని అర్రియన్ రాశాడు. ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అవి పారిపోలేదు. పోరాడే ఓపికా మిగల్లేదు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటాం. యుద్ధంలో ఈ రెండింటికీ నడుమ గాయపడ్డ ఏనుగు ఉంటుంది, దానివల్ల నష్టపోయేది సొంత సైన్యమే. గుర్రానికి బాణం తగిలితే ఒక రౌతు పడతాడు, అంతవరకే.

మరి ఏనుగు గెలిపించిన యుద్ధాలు లేవా అంటే, ఉన్నాయి. చంద్రగుప్త మౌర్యుడు సంధిలో ఇచ్చిన 500 ఏనుగుల్లో చాలావాటిని అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ ఇప్పటి టర్కీ దాకా నడిపించుకుపోయాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ దగ్గర శత్రువు కొడుకు డెమెట్రియస్ తన గుర్రపుదళంతో ఎదుటివాళ్ళను తరుముకుంటూ చాలా దూరం పోయాడు. తిరిగొచ్చేలోగా దారికి అడ్డంగా ఏనుగులు నిలబడి ఉన్నాయి. గుర్రాలు వాటిని దాటలేదు. అవతల తండ్రి ఆంటిగోనస్ సాయం కోసం ఎదురుచూస్తూనే చనిపోయాడు. సెల్యూకస్ కొడుకు ఆంటియోకస్ మీదికి గలేషియన్లు అనే తెగలవాళ్ళు వచ్చినప్పుడూ అంతే. అతని దగ్గర ఉన్నవి 16 ఏనుగులు. అంతకుముందెప్పుడూ ఏనుగును చూడని గలేషియన్ల గుర్రాలు వెనుదిరిగి సొంతవాళ్ళనే తొక్కాయి. ఈ 16 జంతువుల దయవల్ల బతికామని ఆంటియోకస్ సిగ్గుతో కన్నీళ్ళు పెట్టుకున్నాడట.

రెండుచోట్లా ఏనుగు గెలిచింది బరువుతో కాదు, ఎదుటి గుర్రానికి పుట్టిన భయంతో. చిక్కేమిటంటే ఆ భయం అలవాటుతో పోతుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనసేవకు ముందు ఏనుగులూ గుర్రాలూ ఒకే ఊరేగింపులో సాగుతాయి. రోజూ చూసే గుర్రానికి ఏనుగు వాసన కొత్త కాదు. మన దేశంలో రాజులిద్దరి దగ్గరా ఏనుగులుండేవి, ఇద్దరి గుర్రాలూ వాటిని ఎరిగినవే. కాబట్టి పరాయి దేశంలో దొరికిన ఆ ఎత్తుగడ ఇక్కడ పెద్దగా పారేది కాదు.

అయినా మనవాళ్ళు ఏనుగునే ఎందుకు పట్టుకుని వేలాడారు? రాజుల విజయానికి ఏనుగులే ప్రధానమని కౌటిల్యుడి అర్థశాస్త్రం తేల్చి చెప్పింది. కారణం అందులోనే మరోచోట దొరుకుతుంది. మేలుజాతి గుర్రాలు కాంభోజ, సింధు లాంటి వాయవ్య దేశాలవి. మేలుజాతి ఏనుగులు కళింగ, అంగ దేశాలవి. అంటే తూర్పున ఉన్న రాజుకు గుర్రం డబ్బు పోసి కొనాల్సిన సరుకు, ఏనుగు పక్క అడవిలో ఉన్న సొత్తు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత ఆంధ్రుల గురించి రాస్తూ 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు అన్నాడు. ఏనుగుకు రెండే గుర్రాలు. పంజాబులోని పోరస్‌కు ఏనుగుకు ఇరవై గుర్రాలు. ప్లినీ అంకెలు అటూఇటూ అయినా వాటి వెనక అడవి కనబడుతూనే ఉంది. ఆ కాలపు ఆంధ్ర రాజును నేను తప్పుపట్టను. అందినదాన్ని వాడుకున్నాడు.

పోషణ దగ్గరికొస్తే మాత్రం పోటీయే లేదు. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత మేస్తుంది. అర్థశాస్త్రం పైగా బియ్యం, నూనె, నెయ్యి, ఉప్పు, మాంసం కూడా పెట్టమంటుంది. చూలు 22 నెలలు, గుర్రానికి 11. కట్టేసి పెంచితే ఏనుగు సరిగా ఈనదు, కాబట్టి పెద్దవాటిని అడవి నుంచి పట్టితేవాలి. ఇరవై ఏళ్ళదాన్ని వేసవిలో పట్టమనీ, గున్నల్నీ చూలుతో ఉన్నవాటినీ పాలిచ్చేవాటినీ ముట్టుకోవద్దనీ అర్థశాస్త్రం చెబుతుంది. నలభై ఏళ్ళ ఏనుగు ఉత్తమం. ఒక్క మధ్యాహ్నం యుద్ధంలో పోయిన ఏనుగుకు బదులు ఇంకోదాన్ని తయారుచేయడానికి ఏళ్ళు పడుతుంది.

క్రీ.పూ. 202లో ఉత్తర ఆఫ్రికాలోని జామా దగ్గర, రోముతో పోరాడుతున్న కార్తేజ్ సేనాని హానిబాల్ 80 ఏనుగుల్ని ముందుకు తోలాడు. రోమన్ సేనాని సిపియో తన దళాల మధ్య సందులు వదిలి పెట్టాడు. బూరలు ఒక్కసారిగా మోగేసరికి కొన్ని బెదిరి హానిబాల్ గుర్రాల మీదికే మళ్ళాయి, తక్కినవి సందుల్లోకి పోయి ఈటెలకు దొరికాయి. యుద్ధాన్ని తేల్చింది మసినిస్సా, లేలియస్ నడిపిన గుర్రపుదళాలు. అవి శత్రువును తరిమి, మళ్ళీ తిరిగొచ్చి వెనక నుంచి పడ్డాయి. పోయి, మళ్ళీ రాగలగడం, అదీ చెప్పినప్పుడు రావడం: గుర్రాన్ని నేను ఎంచుకునేది ఇందుకే.

దానికి ఐదేళ్ళ ముందు, హానిబాల్ తమ్ముడు హస్డ్రుబాల్ సైన్యంలో మావటివాళ్ళ దగ్గర ఒక ఉలి, ఒక సుత్తి ఉండేవి. ఏనుగు అదుపు తప్పి సొంతవాళ్ళ మీదికి తిరిగితే, రెండు చెవుల మధ్య, తల మెడతో కలిసే చోట ఉలి ఆనించి బలంకొద్దీ కొట్టాలి. మెటారస్ యుద్ధంలో శత్రువు చంపినవాటికంటే మావటివాళ్ళు చంపిన ఏనుగులే ఎక్కువని లివీ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. తన చేత్తో మేపి, కడిగి, రోజూ మెడమీద కూర్చునే మనిషి చేతిలోనే ఆ ఉలి. ఏనుగు పనితనం గురించి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. దాన్ని నడిపినవాడే చివరిదాకా దాన్ని నమ్మలేదు.

క్రీ.పూ. 46లో సీజర్ ఆఫ్రికాలో శత్రువుల ఏనుగుల్ని ఎదుర్కోవాల్సి వచ్చినప్పుడు ఇటలీ నుంచి కొన్ని ఏనుగుల్ని తెప్పించాడు. పోరాడించడానికి కాదు. తన గుర్రాలు వాటి రూపానికీ, వాసనకూ, అరుపుకూ అలవాటుపడాలని. సైనికులకు ఎక్కడ పొడిస్తే దిగుతుందో చూపించాడు. థాప్సస్ యుద్ధంలో వడిసెల రాళ్ళకూ బాణాలకూ బెదిరిన శత్రువుల ఏనుగులు వెనుదిరిగి తమ సైన్యాన్నే తొక్కుకుంటూ పోయాయి. యుద్ధం ముగిశాక 64 ఏనుగులు, వీపుల మీది బురుజులతో సహా, సీజర్ చేతికి దొరికాయి. వాటిని తీసుకెళ్ళి థాప్సస్ కోట ముందు, లోపలివాళ్ళకు కనబడేలా వరసగా నిలబెట్టాడు.