నాయిస్ సీడీలు కొంటున్నారా? చెవిలో పువ్వు పెడుతున్నారు, జాగ్రత్త

హార్ష్ నాయిస్, అంటే పాటలేమీ లేకుండా కరకు శబ్దాలతోనే చేసే సంగీతం, వినేవాళ్ళ కోసం రాస్తున్నా. మిగతావాళ్ళకి ఇది నవ్వులాటే. "గోల సీడీలో మోసమేంటి, గోల సరిగ్గా రాలేదా?" అని మా ఇంట్లో నాలుగు రోజులుగా ఒకటే వేళాకోళం.

ఎప్పుడో ప్రింట్ ఆగిపోయిన ఒక జపాన్ నాయిస్ సీడీ "ఒరిజినల్, సీల్ విప్పలేదు" అని ఆన్‌లైన్‌లో కనపడగానే ఎగిరి గంతేసి కొనేశాను. కవరు చక్కగానే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. పదో నిమిషానికి ఎక్కడో తేడా కొట్టింది.

ఆ తేడా ఏంటో అర్థం కావాలంటే అసలు ఈ సంగీతంలో మనం వినేదేంటో చెప్పాలి. టోక్యోకి చెందిన మసామి అకిటా 1979 నుంచి మెర్జ్‌బో పేరుతో చేస్తున్నది ఇదే: రాగం లేదు, తాళం లేదు, పట్టుకోవడానికి ఒక్క పిడి లేదు. మొదట గోడకి గుద్దుకున్నట్టే ఉంటుంది. కదలకుండా కూర్చుంటే కాసేపటికి ఆ గోడలో పొరలు విడతాయి. ఎడమ చెవిలో సన్నటి కీచు ఒకటి మొదలై మెల్లగా కుడివైపుకి జారుతుంది. అడుగున మోటారు ఆడుతున్నట్టు దడదడ. వాటి మధ్య ఇసక రాలుతున్నట్టు పొడిపొడి చప్పుడు. ఏది ఎప్పుడు తెగుతుందో తెలీదు. చెవి తనంతట తను వెతుక్కోవడం మొదలుపెడుతుంది చూడండి, దాని కోసమే నేను ఈ ఆల్బమ్‌లు కొనేది.

నాకొచ్చిన డిస్క్‌లో ఆ కీచు ఎటూ జారలేదు. రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం, అంటే మోనో. పైగా ఇసక రాలాల్సిన చోట నీళ్ళలో ముంచి తీసినట్టు జలజల. ఎంపీ3 నుంచి కాపీ కొడితే వచ్చే జలజల అది. మామూలు పాటలో ఒక పెద్ద శబ్దం చాటున చెవికి ఆనని చిన్నవాటిని ఎంపీ3 తీసి పారేస్తుంది, మనకి పెద్దగా తెలీదు. నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి నిండి ఉంటాయి, వదిలెయ్యడానికి ఏమీ మిగలదు. అందుకే దెబ్బ ఇక్కడే బాగా తెలుస్తుంది.

అనుమానం తీరక డిస్క్ తిప్పి చూస్తే అడుగు భాగం ఆకుపచ్చగా ఉంది. ఫ్యాక్టరీలో అచ్చేసిన సీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది, లోపలి వలయంలో నంబర్ చెక్కి ఉంటుంది. దీనికి నంబరూ లేదు. (ఒక్కటి గుర్తుంచుకోండి. నాయిస్‌లో చాలామంది ఆర్టిస్టులు సీడీ-ఆర్‌ల మీదే, అంటే కంప్యూటర్‌లో రాసుకునే ఖాళీ డిస్కుల మీదే విడుదల చేస్తారు. వాటి అడుగు ఇలా ఆకుపచ్చగా ఉండొచ్చు. ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. నాకు అమ్మింది మాత్రం ప్రెస్డ్ సీడీ, అంటే ఫ్యాక్టరీలో అచ్చేసినది అని చెప్పి.) తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) తీశాను. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపీటతో కోసినట్టు గీత, దాని పైన అంతా నలుపు, అంటే అక్కడ శబ్దమే లేదు, ఎంపీ3 కోసేసింది. సీడీ 22 కిలోహెర్ట్జ్ దాకా మోయగలదు. పాత క్యాసెట్ నుంచి తీసినా పైభాగం మెల్లగా సన్నబడుతుందే తప్ప ఇలా గీత గీసినట్టు తెగదు.

ఇవన్నీ ఫొటోలతో సహా పంపితే అమ్మినాయన జవాబు: "ఇదంతా గోలే కదండీ, గోలలో మంచి గోల, చెడ్డ గోల ఉంటాయా?" చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వాళ్ళ ధైర్యమంతా అదే. కొన్నవాడికీ తేడా తెలీదులే, తెలిసినా బయటికి చెప్పుకోలేడులే అని.

నిజం చెప్పాలంటే ఈ సంగీతంలో లోపానికీ ఉద్దేశానికీ మధ్య గీత సన్ననిదే. 1975లో అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ వేసిన మెటల్ మెషిన్ మ్యూజిక్ ఎల్‌పీలో నాలుగో వైపు చివరి గాడిని మూసేశారు, సూది మనం ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంది. తెలీనివాళ్ళు రికార్డు పాడైందనుకుంటారు. అందుకే కొనేముందు ఆ ఆల్బమ్ ఏ రూపంలో వచ్చింది, ఎన్ని నిమిషాలు, స్టీరియోనా కాదా అని చూసుకోండి. డిస్క్ అడుగు ఫొటో అడగండి. పంపనంటే వదిలెయ్యండి. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీసుకోక ఇరుక్కున్నా.

ఫ్లాక్ ఫైళ్ళు (శబ్దంలో ఏదీ పారేయకుండా సైజు మాత్రం తగ్గించేవి) కొనేవాళ్ళకి ఇంకో కిటుకు. సీడీ శబ్దం నిమిషానికి సుమారు 10 ఎంబీ. మామూలు పాటని ఫ్లాక్ బాగా కుదిస్తుంది. నిండు స్టీరియో నాయిస్‌లో ముందేం వస్తుందో ఊహించడానికి పోలికే దొరకదు కాబట్టి సైజు పెద్దగా తగ్గదు. సగానికి సగం తగ్గిన ఫైల్ వస్తే ఓసారి స్పెక్ట్రోగ్రామ్ తీసి చూడండి. అన్నట్టు, పరీక్ష పేరుతో వాల్యూమ్ పెంచకండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమైపోతుంది.

వారం పాటు వెంటపడితే డబ్బు ఇవ్వం, వేరే కాపీ పంపిస్తాం అన్నారు. నిన్న వచ్చింది. ఈసారి ముందు తిప్పి చూశా. ఆకుపచ్చే.