రాబోయేవాడి కోసం చూసే ఊరు: హైదరాబాద్

లోకాన్ని చక్కదిద్దడానికి ఒకడు వస్తాడన్న నమ్మకం ఎన్ని రకాలుగా ఉందో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. చార్మినార్ కట్టిన 1591లోనే ముస్లింల క్యాలెండర్ హిజ్రీలో వెయ్యో సంవత్సరం మొదలైంది. ఆ మలుపులో మహదీ వస్తాడని అప్పట్లో ఎందరో ముస్లింలు ఎదురుచూశారు. ఊరు పుట్టిందే అలాంటి రోజుల్లో.

బస నాంపల్లిలో చూసుకోండి. పాతబస్తీకీ గన్‌ఫౌండ్రీకీ దగ్గర, పక్కనే మెట్రో. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. కానీ రోజంతా వేడినీళ్లన్నవాళ్లు పొద్దున కాసేపే వదిలారు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే డబ్బు కట్టకముందే గట్టిగా అడగండి.

ఎక్కువ సేపు గడపాల్సింది బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. 1908 మూసీ వరదలో కొంత దెబ్బతిన్నా, గోడల మీద రంగు పలకల పని ఇంకా కళ్లు తిప్పుకోనివ్వదు. మొహర్రంలో ఇక్కడ పీర్లను నిలబెట్టి, కర్బలాలో ప్రాణమిచ్చిన ఇమాం హుస్సేన్ కోసం షియాలు ఏడుస్తారు. వాళ్లు మతనాయకులుగా కొలిచే ఇమాముల్లో పన్నెండోవాడే మహదీ. 9వ శతాబ్దంలో కనుమరుగయ్యాడు గానీ చనిపోలేదని, న్యాయం నిలబెట్టడానికి తిరిగొస్తాడని నమ్మకం. జరిగిన అన్యాయాన్ని ఇంతగా గుర్తుపెట్టుకున్నవాళ్లే రాబోయే న్యాయం కోసం అంత ఓపికగా చూడగలరని అక్కడ నిలబడితే అనిపించింది.

అక్కడి నుంచి ఆటోలో చంచల్‌గూడ వెళ్లండి. చాలా కాలంగా మహదవీలనే ముస్లిం శాఖవాళ్లు ఉంటున్న పేట ఇది. గొప్ప కట్టడాల కోసమైతే వెళ్లక్కర్లేదు, వాళ్ల మాట వినడానికి వెళ్లాలి. జౌన్‌పూర్‌లో పుట్టి 1505లో కన్నుమూసిన సయ్యద్ మహమ్మదే మహదీ, వచ్చి వెళ్లిపోయాడు అంటారు వీళ్లు. ఈసా తిరిగి రావడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. నిజాం కాలంలో గొప్ప వక్తగా పేరున్న బహదూర్ యార్ జంగ్ మహదవీయే.

ఆ ఈసానే యేసుగా కొలిచేవాళ్లను గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో చూడొచ్చు. వచ్చాడు, మళ్లీ వస్తాడు అన్నది వీళ్ల మాట. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. వెళితే అప్పుడే వెళ్లాలి.

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులోని పార్సీల అగ్ని దేవాలయంలోకి బయటివాళ్లను రానివ్వరు. గేటు దగ్గరి నుంచే చూసి రావాలి, బతిమాలకండి. చివరి రోజుల్లో సావోష్యంత్ వచ్చి చెడును రూపుమాపుతాడని వాళ్ల జరతుష్ట్ర మతం ఎప్పటి నుంచో చెబుతోంది. హుస్సేన్ సాగర్ బుద్ధుడి దగ్గరికి లుంబినీ పార్కు నుంచి బోటు ఉంది. రాబోయే బుద్ధుడు మైత్రేయుడి గురించి తలచుకునే ప్రశాంతత మాత్రం ఆదివారం సాయంత్రం ఆ రద్దీలో దొరకదు.

తిరిగొస్తుంటే ట్రాఫిక్‌లో చిక్కుకున్నాం. ఆటో అన్న హారన్ కొట్టడం మానేసి, "అన్నీ బ్రహ్మంగారు చెప్పినట్టే జరుగుతున్నాయి సార్" అన్నాడు. కల్కి అని పురాణాల్లో ఉన్నా, మన పల్లెల్లో రాబోయేవాడిగా ఎక్కువగా వినిపించేది వీరభోగ వసంతరాయల పేరే. బ్రహ్మంగారికి అంత ఇష్టుడైన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లింల ఇంటివాడు. అందుకే నాకు కాలజ్ఞానం ఒక మతానిది అనిపించదు.

ఒక్క పూటే వీలైతే బోటు మానేయండి, ఆషూర్‌ఖానా, చంచల్‌గూడ చాలు. శుక్రవారం మధ్యాహ్నం చార్మినార్ చుట్టూ ఆటో కదలదు, వేరే రోజు పెట్టుకోండి.